మాస్కు దించి వేసిన ఈల

మానవజాతి చరిత్రను పండితులు రాతియుగం, కంచుయుగం, ఇనుపయుగం అని ముక్కలు చేశారు. ఆ పండితుల్లో ఎవరికైనా కాస్త తీరిక దొరికి, రేవు పక్కనున్న సముద్రజంతువుల శవపరీక్షా కేంద్రం దాకా నడిచి వచ్చి ఉంటే, అక్కడి చరిత్రను రెండే రెండు యుగాలుగా విడగొట్టి ఉండేవారు: ఈలకు ముందు, ఈలకు తరవాత. ఈలకు ముందు ఏం జరిగిందో ఎవరికీ జ్ఞాపకం లేదు. ఈలకు తరవాతి యుగం మాత్రం సాంతం ఒకే మనిషి పెదవుల మీద నడిచింది.

ఆయన్ని కేంద్రంలో అందరూ ఈలాయన అనేవారు. అమ్మానాన్న పెట్టిన పేరు ఒకటుండేది కానీ, దాంతో పిలిస్తే ఆయనే రెండోసారికి గాని పలికేవాడు కాదు. చేసే పని కొత్తవాళ్ళకి చెప్పుకోవడానికి కొంచెం ఇబ్బందైనది. ఒడ్డుకు కొట్టుకొచ్చి చచ్చిపోయిన డాల్ఫిన్ల పుర్రె కోసి, లోపలి మెదడును చెక్కు చెదరకుండా డాక్టరమ్మ చేతికి అందించడం. ఎవరైనా "తమరేం చేస్తుంటారు?" అంటే, "తలకి సంబంధించిన విభాగం" అనేవాడు. అబద్ధం కాదు కదా. అవతలివాళ్ళు వెంటనే తమ తలనొప్పుల సంగతి ఎత్తుకునేవారు. ఆయన ఓపిగ్గా విని, నీళ్ళు ఎక్కువ తాగమనేవాడు.

పుర్రె కోయడం అంటే కట్టెలు కోయడం అనుకునేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. డాల్ఫిన్ నుదుటి మీద ముందు దిండులాంటి కొవ్వు ముద్ద ఉంటుంది. దాన్ని తీసేయాలి. ఆ వెనక మెడ కండలు, ఆ తరవాత ఎముక. లోపల పెద్దమెదడుకీ చిన్నమెదడుకీ నడుమ మరో ఎముక పలక అడ్డుగోడలా దిగి ఉంటుంది. రంపం ఒక్క పోటు లోతుగా పోయిందా, మెదడు గుజ్జయిపోతుంది. పైపైన పోయిందా, మూత ఊడి రాదు. అంచేత రంపం లయ తప్పకూడదు. లయ కావాలంటే పాట ఉండాలి. రెండు చేతులూ రంపానికి అంకితమైనవాడికి పాట అంటే ఈలే. ఈల వేయాలంటే పెదవులు ఖాళీగా ఉండాలి. పెదవులు ఖాళీగా ఉండాలంటే మాస్కు గడ్డం కిందికి దిగాలి. ఈ తర్కంలో ఆఖరి మెట్టు తప్ప మిగతావన్నీ కేంద్రం నిబంధనలకు లోబడే ఉన్నాయి.

ఈలాయన నిబంధనలంటే గౌరవం లేనివాడు కాదు. చేతితొడుగులు, కళ్ళద్దాలు, మోకాళ్ళు దాటిన ఏప్రాను, రబ్బరు బూట్లు, అన్నీ తూచా తప్పకుండా తొడుక్కునేవాడు. మాస్కు కూడా కట్టుకునేవాడు, ముఖానికి కాకపోయినా గడ్డానికి. ఇనప మెట్ల మీద డాక్టరమ్మ బూట్ల చప్పుడు వినిపించగానే మోచేత్తో ఒక్క తోపు తోసేవాడు. ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టేసరికి అది ముక్కు మీద బుద్ధిగా కూర్చునేది. అక్కడితో ఆగలేదు ఆయన ముందుజాగ్రత్త. కిటికీ గట్టు మీద ఒక పాత రేడియో తెచ్చి పెట్టాడు. బయటికి పాట వినిపిస్తే అది రేడియో అనుకుంటారని ఆయన ఎత్తు. దొరక్కుండా ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చినందుకు తన తెలివికి తానే లోలోపల ఒక సలాం కొట్టుకునేవాడు.

ఆ యుగానికి ముగింపు పలికింది ఒక కుర్ర ఆడ డాల్ఫిన్.

అది పొద్దున్నే రేవు పక్క లోతులేని నీళ్ళలో కనిపించింది. ఒక పక్కకి ఒరిగిపోయి, కట్టేసినట్టు ఒకేచోట గుండ్రంగా తిరుగుతోంది. చూడవచ్చిన జనం తలో మాటా అన్నారు. ఆడుకుంటోందన్నారు, దారి తప్పిందన్నారు, ఓడల మోతకి చెవులు పోయాయన్నారు. నలుగురు మోకాలి లోతు నీళ్ళలో దిగి, దాన్ని మెల్లగా తిప్పి సముద్రం వైపు తోశారు. అది వాళ్ళ మాట కాదనలేనట్టు కొంతదూరం వెళ్ళింది. మళ్ళీ ఒరిగింది. మళ్ళీ తిరుగుతూ తిరుగుతూ ఒడ్డుకే వచ్చింది. మధ్యాహ్నానికి ఇసుక మీద ప్రాణం వదిలింది. వ్యాను డ్రైవరూ ఈలాయనా దాన్ని పట్టా మీదికి ఎక్కించి కేంద్రానికి తెచ్చారు.

"పిల్లది. ఏ రోగమూ లేనట్టుంది, నిగనిగలాడుతోంది చూడు," అన్నాడు డ్రైవరు.

"పైకి నువ్వూ అలాగే ఉంటావు. కోస్తే గాని తెలీదు," అన్నాడు ఈలాయన.

ఆ రోజు ఎత్తుకున్న పాట పెద్దది. రెండు చరణాలు ముగిసి మూడో చరణం మధ్యలో మూత లేచింది. లేచీ లేవగానే మామూలుకంటే చాలా ఎక్కువ నీరు బయటికి పొర్లింది. మెదడు మీది పొర అద్దంలా తేటగా ఉండాల్సింది, పాలు కలిపిన నీళ్ళలా మసకబారి ఉంది. ఈల దానంతటదే ఆగిపోయింది. మెట్ల మీద బూట్ల చప్పుడైంది. మోచెయ్యి తన పని తాను చేసింది.

డాక్టరమ్మ వంగి చూసింది. "వల కాదు, ఓడ కాదు. మెదడుకి ఏదో పట్టింది," అని మెల్లగా అని, నీరు కొంచెం సూదితో తీసి గొట్టంలో పోసింది. "తలుపేయించండి. గది కడిగేదాకా ఎవర్నీ రానివ్వకండి."

పెద్ద పరీక్షశాల నుంచి ఫలితం వచ్చిన రోజున ఆవిడ అందర్నీ వరండాలోకి పిలిచింది. డ్రైవరు, నేల కడిగే ఆవిడ, టీ కాచే గుమాస్తా, ఈలాయన వరసగా నిలబడ్డారు.

"ఆ డాల్ఫిన్ మెదడులో ఉన్నది ఒక బాక్టీరియా. ఆవులకీ మేకలకీ కడుపు నిలవకుండా ఈసుకుపోయే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి ఒకటుంది, దానికి సముద్రంలో ఉన్న చుట్టం ఇది," అంది డాక్టరమ్మ. "మెదడు పొరల్లోనూ వెన్నునీటిలోనూ కాపరం పెడుతుంది. దాంతో పాపం వాటికి ఈతలో తూకం పోతుంది. ఆ తిరుగుడంతా అందుకే. తోసేకొద్దీ వెనక్కి వచ్చిందీ అందుకే."

"మనకి అంటుతుందాండీ?" అన్నాడు డ్రైవరు, అడుగు వెనక్కి వేస్తూ.

"బాగా అరుదు. కానీ అంటదని నేను చెప్పలేను. ఎముక కోసేటప్పుడు లేచే తుంపర పీలిస్తే అంటొచ్చు."

"అంటితే?"

"సాయంత్రాలు జ్వరం, చెమటలు, నడుంనొప్పి, కీళ్ళనొప్పులు, ఊరికే నీరసం. నెలల తరబడి పీడిస్తుంది. అశ్రద్ధ చేస్తే మనిషి మెదడుకీ ఎక్కొచ్చు." ఆవిడ ఒక్కొక్కరి ముఖం చూసింది. "ఆ రోజు ఆ గదిలో మాస్కు లేకుండా ఉన్నవాళ్ళెవరైనా ఉంటే నా గదికొచ్చి చెప్పండి. ముందే మందులు మొదలుపెడితే భయం లేదు. ఎవర్నీ ఏమీ అనను."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. ఈలాయన చెయ్యి తనకు తెలియకుండానే గడ్డం దగ్గరికి పోయింది. తెలిసిన మరుక్షణం అది దురదైపోయి, గీరుకోవడంగా మారింది.

ఆయన డాక్టరమ్మ గదికి వెళ్ళలేదు. వెళ్ళకపోవడానికి బలమైన కారణమే ఉంది. ఇదివరకు ఆయన గదిలోనే పనిచేసిన ఒకాయన చేతితొడుగు లేకుండా కత్తి పట్టాడని శీతలగదికి మార్చారు. పనిలో చేరినప్పుడు మాటల పుట్ట. ఇప్పుడు ఐసు పెట్టెల మధ్య స్వెట్టరు వేసుకుని కూర్చుని, ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడతాడు. తన చేతిలోంచి రంపం తీసుకుంటే తనకి మిగిలేదేమిటి? రంపం లేని ఈలాయన అంటే, ఖాళీగా రోడ్డు మీద ఈలలేసే వయసు మళ్ళినవాడు. సంఘం అలాంటివాళ్ళని మెచ్చుకోదు.

ఇంటికి వెళ్ళిన కాసేపటికే నడుం నొప్పి మొదలైంది.

నిజానికి ఆ నడుం ఏనాటినుంచో నొప్పిపెడుతూనే ఉంది. డాల్ఫిన్లు ఎత్తే వృత్తిలో ఉన్నవాడికి నడుం నొప్పి జీతంలో భాగం. కానీ రోగ లక్షణాలు ఒకసారి చెవిన పడ్డాక మన ఒంట్లోనే వాటికి కుర్చీలు దొరుకుతాయి. మోకాళ్ళు కలుక్కుమన్నాయి, అంటే కీళ్ళు. మెట్లెక్కితే ఆయాసం, అంటే నీరసం. చెమట పట్టింది, ఫ్యాను వేసుకోలేదన్న సంగతి లెక్కలోకి రాలేదు. ఇంకో వారం గడిచాక మాత్రం ఒక సాయంత్రం నిజంగానే ఒళ్ళు కాలింది.

ఆయన భార్య ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు సైజు చేసిపెడుతుంటుంది. ఊళ్ళో ఎవరు లావయ్యారో ఎవరు చిక్కారో వాళ్ళకంటే ముందు ఆవిడకి తెలుస్తుంది. మొగుడు వచ్చి కుర్చీలో కూలబడి గోడకేసి చూస్తూ కూర్చోవడం నాలుగు కుట్ల మధ్య నుంచి చూసింది. మిషను ఆపింది. వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"జ్వరం."

"ఎండకి."

"పొద్దుట్నుంచీ వాన."

ఆవిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఏం చేశారు?"

"నేనేం చేశాను?"

"ఈ వారమంతా స్నానాలగదిలో కూడా ఈల లేదు. మీరు ఈల వేయకుండా ఉన్నది మా నాన్న పోయిన రోజొక్కటే. ఏం చేశారో చెప్పండి."

అప్పుడు చెప్పాడు. డాల్ఫిన్, పాలనీళ్ళ పొర, తుంపర, మాస్కు, అంతా. సరిగ్గా అప్పుడే బావమరిది లోపలికొచ్చాడు. అతనికి వీధి మొదట్లో మందుల షాపుంది. మనుషుల్ని పలకరించే ముందు వాళ్ళ ముఖంలో ఏ మాత్రకు బేరం తగులుతుందో చూడటం అతని అలవాటు. అక్క నోట కథంతా విని, గోడకి చేరబడి నవ్వాడు.

"అంటే బావా, నీకు డాల్ఫిన్ జబ్బు వచ్చిందంటావు."

"రావచ్చన్నారు."

"అయితే మరి గుండ్రంగా తిరుగుతున్నావా? లేచి అలా వీధి చివరిదాకా వెళ్ళిరా, చూద్దాం. తిన్నగా వెళ్తే జలుబు. తిరిగి తిరిగి మళ్ళీ ఇంటికే వస్తే జబ్బు."

"అందరూ మళ్ళీ ఇంటికే వస్తారురా," అన్నాడు ఈలాయన దిగులుగా.

"నీకు నవ్వులాటగా ఉందా?" అని అక్క గుడ్లురిమింది. తమ్ముడు నవ్వు మింగేశాడు. "సరే, ఒక మాట చెప్తాను విను బావా. ఇలాంటివాటికి నా షాపులో ఉన్నది నేనిస్తే నువ్వు మింగుతావు, జ్వరం కొంచెం తగ్గుతుంది, నువ్వు బాగుపడ్డానని ఊరుకుంటావు. అసలు జబ్బు లోపల కూర్చుని నవ్వుకుంటుంది. నేనివ్వను. మీ డాక్టరమ్మ దగ్గరికెళ్ళు."

"వెళ్తే రంపం తీసేసుకుంటారు."

బావమరిది ఏదో అనబోయాడు కానీ అక్క చెయ్యెత్తింది. ఆవిడ లేచి, మిషను మీద సగంలో ఉన్న ప్యాంటు మడిచి పక్కన పెట్టింది.

"రంపానికి ఇంకో మనిషి దొరుకుతాడు. ఈ వయసులో నాకు ఇంకోడు దొరకడు. రేపు పొద్దున్న వెళ్ళి చెప్పండి. లేకపోతే నేనొచ్చి చెప్తాను, ఏప్రాను కుట్టినదాన్ని, నాకూ అధికారం ఉంది."

మర్నాడు పొద్దున్న ఈలాయన ఇనప మెట్లెక్కాడు. దారి పొడవునా ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాడు. అది "ఇన్నేళ్ళ నా సేవలో" అని మొదలై, "తమరి దయ" దగ్గర ముగుస్తుంది. మధ్యలో రెండు చోట్ల గొంతు పూడుకోవాలి. గది తలుపు తెరిచేసరికి డాక్టరమ్మ సూక్ష్మదర్శిని మీద కన్ను పెట్టి ఉంది.

"ఇన్నేళ్ళ నా సేవలో..." అన్నాడు.

"కూర్చోండి," అంది ఆవిడ, కన్ను తీయకుండానే సొరుగు లాగి, మాత్రల అట్టలు బల్ల మీద పెడుతూ. "ఇవి మీకే. మీరు రాకపోతే ఈ మధ్యాహ్నం నేనే కిందికి వచ్చేదాన్ని. పొరపాటు చేశాను, ఆ రోజే పిలవాల్సింది."

ఉపన్యాసం గొంతులోనే చచ్చిపోయింది. "మీకు... ఎవరు చెప్పారండీ?"

"ఎవరు చెప్పాలి? మాస్కు పెట్టుకుని ఈల వేయగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు కదా."

"అది రేడియో అనుకుంటారని..."

"దానికి ప్లగ్గే లేదండీ." ఆవిడ మొదటిసారి తలెత్తింది. నవ్వుతోందో సిగ్గుపడుతోందో తెలియలేదు, రెండూ కలిసి ఉన్నాయి. "నిజం చెప్పనా? మీ ఈల ఆగిందంటే పుర్రె తెరుచుకుందని నాకు గుర్తు. అప్పుడు లేచి కిందికి వచ్చేదాన్ని. కింద గుమాస్తా మీ మొదటి చరణానికి టీ నీళ్ళు పెట్టేవాడు. నేల కడిగే ఆవిడ రెండో చరణానికి బకెట్టు నింపేది. మొత్తం కేంద్రం మీ ఈలతో టైము చూసుకుంది. ఆ ఈల ఎక్కణ్ణుంచి వస్తోంది, మాస్కు ఎక్కడుంది అని ఒక్కళ్ళమూ అడగలేదు. నేను అడగాలి. నేనూ అడగలేదు."

ఈలాయనకి ఒక్కసారిగా రెండు విషయాలు తెలిసొచ్చాయి. తన రహస్యం ఏ రోజూ రహస్యం కాదు. ఊరందరికీ తెలిసిన దాన్ని దాచడానికి తాను ఒక మోచెయ్యీ, గట్టు మీద ఒక రేడియో ఖర్చుపెట్టాడు.

"జ్వరం ఎప్పట్నుంచి?" అంది ఆవిడ, చేతికి రబ్బరు పట్టీ కడుతూ.

"నిన్న సాయంత్రం నుంచి."

ఆవిడ రక్తం తీసింది. "రంపం..." అన్నాడు ఈలాయన.

"రంపం మీ దగ్గరే ఉంటుంది. ఇంకెవరికి ఇచ్చినా మెదడు నాకు పచ్చడిలా వస్తుంది. కానీ ఇవాళ్టి నుంచి ముఖం మొత్తం మూసే మాస్కు. నేను గదిలోనే నిలబడతాను. ఈల లేదు."

"ఈల లేకపోతే చెయ్యి లయ తప్పుతుందండీ."

"కూనిరాగం తీయండి. దానికి పెదవులు విప్పక్కర్లేదు."

ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టకపోవడం విజ్ఞానశాస్త్ర చరిత్రలో మరో విచారకరమైన అధ్యాయం. అది తట్టకపోవడమే ఎంత మేలైందో తరవాత వచ్చిన డాల్ఫిన్ రోజున తెలిసింది. ఈల వేస్తే కోయిల సిగ్గుపడే ఆ మనిషి కూనిరాగం తీస్తే, బావిలో పడ్డ కందిరీగ. టీ గుమాస్తా చెవులు మూసుకుని నీళ్ళు పెట్టడం మర్చిపోయాడు. నేల కడిగే ఆవిడ బకెట్టు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "ఎవరికన్నా బాగోలేదా?" అంది. అయినా రంపం తిన్నగానే పోయింది. మెదడు చెక్కు చెదరలేదు. దాని పొర అద్దంలా తేటగా ఉంది. పక్కనే నిలబడి చూస్తున్న డాక్టరమ్మ, "ఇది వలలో పడ్డదే," అని ఊపిరి వదిలింది.

మందులు మాత్రం వీరోచితంగా పనిచేశాయి. వాటిలో ఒక మాత్రకు రంగు వదిలే గుణం ఉంది. ఆయన మూత్రం నారింజ రంగయింది, చెమట నారింజ రంగయింది. భార్య బనీను పిండి, వెలుతురుకేసి పట్టుకుని చూసింది.

"పెళ్ళప్పుడు నాణ్యమైన సరుకన్నారు మీవాళ్ళు. ఇప్పుడు రంగు దిగుతోంది," అంది.

"తెల్లవి వేసుకోకు బావా," అన్నాడు బావమరిది. "ఏడవాలనుకున్నా చీకట్లో ఏడు. కన్నీళ్ళు కూడా ఆ రంగే వస్తాయి, చూసినవాళ్ళు జ్యూస్ అనుకుంటారు."

నవ్వులు నవ్వులుగానే ఉన్నా, రక్తపరీక్ష ఫలితం రాలేదన్న సంగతి ఆ ఇంట్లో నాలుగో మనిషిలా కూర్చునే ఉంది. జ్వరం తగ్గింది. అది మందులకి తగ్గిందా, తనంతట తాను తగ్గిందా ఎవరూ చెప్పలేకపోయారు. భార్య మిషను తొక్కుతూ తొక్కుతూ ఉన్నట్టుండి ఆపి, ఆయన నుదురు చూసి మళ్ళీ వెళ్ళి కూర్చునేది. ఈలాయన తన చిన్న రంపం డ్రైవరుకి, పెద్ద రంపం తన తరవాత వచ్చేవాడికి అని నోటిమాటగా పంపకాలు కూడా చేసేశాడు. చిన్న రంపంతో ఏం చేయాలో తెలియక డ్రైవరు దిగాలుపడ్డాడు. ఒక ఆదివారం బట్టలు సర్దుతూ ఆవిడ ఆయన మంచి చొక్కా ఒకటి తీసి, చేతులు కొంచెం లోపలికి కుట్టి, మళ్ళీ పెట్టెలో పెట్టింది. ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే ఆవిడ, మీరు చిక్కిపోయారని చెప్పాలి.

ఫలితం వచ్చిందని కబురు రాగానే ఆవిడ మిషను మీద గుడ్డ కప్పి, ఆయనతో పాటు బయల్దేరింది. దారిలో బావమరిది షాపు మూసి వచ్చి కలిశాడు. కేంద్రం గేటు దగ్గర డ్రైవరు, వరండాలో టీ గుమాస్తా, మెట్ల కింద నేల కడిగే ఆవిడ నిలబడి ఉన్నారు. ఈలాయన ముందు, ఆయన చెయ్యి పట్టుకుని ఆవిడ వెనక, ఇద్దరూ మెట్లెక్కారు. ఆయన మోకాళ్ళు రెండు చోట్ల కలుక్కుమన్నాయి.

డాక్టరమ్మ కాగితం మీంచి తల ఎత్తింది.

"ఏమీ లేదు," అంది.

"ఏమీ లేదంటే?" అంది భార్య.

"రక్తంలో ఆ బాక్టీరియా జాడే లేదు. మందులు పూర్తి చేయాలి, కొన్నాళ్ళకి మళ్ళీ ఒకసారి చూడాలి. కానీ ఏమీ లేదు."

"మరి ఆ జ్వరమో?" అన్నాడు ఈలాయన. ఆయన గొంతులో ఎక్కడో కొంచెం చిన్నబుచ్చుకున్న ధ్వని ఉంది.

డాక్టరమ్మ ముక్కు తుడుచుకుంది. కొన్నాళ్ళకి చేసిన రెండో పరీక్షలోనూ ఏమీ తేలలేదు. అది వట్టి జలుబు జ్వరం. ఆ నెలలో ఊళ్ళో సగంమందికి వచ్చింది.